నివాస, సంరక్షణ భవనాల వర్గీకరణ

ఒక భవనాన్ని ఎవరు, ఏ అవసరానికి ఉపయోగిస్తున్నారు అనే అంశాన్ని బట్టి దానిని ఒక నిర్దిష్ట వర్గంలో చేర్చడాన్ని భవనాల వినియోగ వర్గీకరణ అంటారు. భారతదేశంలో ఈ వర్గీకరణకు ఆధారం జాతీయ భవన నిర్మాణ నియమావళి. ఇంగ్లీషులో దీనిని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటారు. మనుషులు రాత్రి నిద్రించే భవనాలు ఈ నియమావళిలో ముఖ్యంగా రెండు వర్గాలలో కనిపిస్తాయి. ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు, లాడ్జీలు, హాస్టళ్ళు, హోటళ్ళు నివాస భవనాలు. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, అనాథాశ్రమాలు, చెరసాలలు సంస్థాగత భవనాలు. ఈ రెండవ వర్గాన్ని స్థూలంగా సంరక్షణ భవనాలు అనవచ్చు.

ఈ రెండు వర్గాలకు మధ్య తేడా గోడలలోనో, పైకప్పులోనో ఉండదు. రెండంతస్తుల ఇల్లు ఒక కుటుంబానికి నివాసం కావచ్చు, ముప్పై మంది విద్యార్థులకు హాస్టల్ కావచ్చు, ఇరవై మంది వృద్ధులకు ఆశ్రమం కావచ్చు, పది పడకల నర్సింగ్ హోమ్ కూడా కావచ్చు. నాలుగు సందర్భాలలోనూ ఇటుక, సిమెంటు, మెట్లు అవే. అగ్నిప్రమాదం జరిగినప్పుడు లోపల ఉన్నవారు తమంతట తాము లేచి, దారి తెలుసుకొని బయటకు రాగలరా, లేదా ఎవరైనా వచ్చి తీసుకొని రావలసి ఉంటుందా అన్నదే అసలు తేడా. మెట్ల వెడల్పు, బయటకు వెళ్ళే ద్వారాల సంఖ్య, అగ్నినిరోధక గోడల అమరిక ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం మీద ఆధారపడి ఉంటాయి.

నేపథ్యం

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ నిర్మాణాలు పెద్దఎత్తున మొదలైనప్పుడు ఒక్కో రాష్ట్రంలో, ఒక్కో పురపాలక సంఘంలో ఒక్కో విధమైన నిర్మాణ నిబంధనలు ఉండేవి. వాటిలో చాలావరకు కాలం చెల్లినవి. నిర్మాణ వ్యయాన్ని అధ్యయనం చేయడానికి ప్రణాళికా సంఘం 1965లో ఒక నిపుణుల బృందాన్ని నియమించింది. దేశమంతటికీ ఒకే నమూనా నియమావళి అవసరమని ఆ బృందం సూచించింది. ఆ పనిని అప్పటి ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ చేపట్టి 1970లో మొదటి నియమావళిని ప్రచురించింది. ఈ సంస్థే 1987 నుండి బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్‌గా మారింది. నియమావళిని 1983, 2005, 2016 సంవత్సరాలలో సవరించి తిరిగి ప్రచురించారు. దీనిలోని నాలుగవ భాగం అగ్ని ప్రమాదాల నుండి, ప్రాణాపాయం నుండి రక్షణకు సంబంధించినది. భవనాల వర్గీకరణ విపులంగా ఉన్నది ఈ భాగంలోనే.

నియమావళి దానంతట అదే చట్టం కాదు. ఇది సిఫారసు పత్రం మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వం గానీ, పురపాలక సంస్థ గానీ తమ నిబంధనలలో చేర్చుకున్నప్పుడే దీనికి చట్టబలం వస్తుంది. భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ, అగ్నిమాపక సేవలు రాజ్యాంగంలోని పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన విధులలో ఉండటం ఇందుకు ఒక కారణం.

తొమ్మిది వర్గాలు

నియమావళి భవనాలన్నింటినీ తొమ్మిది వర్గాలుగా విభజించి వాటికి ఇంగ్లీషు అక్షరాలను పేర్లుగా పెట్టింది. ఎ నివాస, బి విద్యా, సి సంస్థాగత, డి జనసమావేశ, ఇ కార్యాలయ, ఎఫ్ వర్తక, జి పారిశ్రామిక, హెచ్ గిడ్డంగి వర్గాలు. చివరిది జె, అంటే అపాయకరమైన పదార్థాలు ఉండే భవనాల వర్గం. మధ్యలో ఐ అక్షరాన్ని వదిలిపెట్టారు. ప్రతి వర్గంలోనూ అంకెలతో సూచించే ఉపవర్గాలు ఉన్నాయి. నియమావళిలో పేర్కొనని కొత్త రకం భవనం ఎదురైతే, దాని వినియోగం ఏ వర్గానికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుందో ఆ వర్గంలోనే చేర్చాలి.

నివాస భవనాలు: ఎ వర్గం

సాధారణ గృహాలు ఎ-2 ఉపవర్గంలోకి వస్తాయి. ఒకటి లేదా రెండు కుటుంబాలు నివసించే, మొత్తం మీద 20 మందికి మించకుండా నిద్రించే వసతి ఉన్న ఇల్లు దీని పరిధి. ఇంటి యజమాని కొన్ని గదులు బయటివారికి అద్దెకు ఇచ్చినా గదికి ముగ్గురికి మించకుండా ఉంటే అది ఇల్లుగానే లెక్క. 20 మంది పరిమితి దాటిన రోజున అది ఎ-1, ఎ-3, ఎ-4లలో ఏదో ఒకటి అవుతుంది.

ఎ-1లో లాడ్జీలు, అతిథి గృహాలు, సత్రాల వంటివి ఉంటాయి. ఇక్కడ వేరువేరు గదులు ఉంటాయి గాని, ఉండేవారు ఎవరికి వారు వంట చేసుకొనే ఏర్పాటు ఉండదు. ఎ-3 సామూహిక వసతి గృహాలు. ఒకే కుటుంబానికి చెందనివారు ఒకే గదిలో గానీ, ఆనుకొని ఉన్న గదులలో గానీ ఒకే యాజమాన్యం కింద నిద్రించే చోటు ఇది. పాఠశాలల, కళాశాలల హాస్టళ్ళు, సైనికుల బ్యారక్‌లు దీనికి ఉదాహరణలు. ఎ-4 అపార్ట్‌మెంట్లు. మూడు లేదా అంతకు మించిన కుటుంబాలు ఎవరి వంట వారు చేసుకొంటూ స్వతంత్రంగా జీవించే భవనం ఇది. ఎ-5, ఎ-6 ఉపవర్గాలు హోటళ్ళకు, స్టార్ హోటళ్ళకు కేటాయించారు.

ఈ విభజనలో వంటగదికి దక్కిన ప్రాముఖ్యం గమనించదగినది. వంటగది ఒక కుటుంబాన్ని కుటుంబంగా గుర్తించే చిహ్నం. పొయ్యి వేరైతే కాపురం వేరు అనే పల్లెటూరి లెక్కకు ఇది దూరమేమీ కాదు.

సంరక్షణ భవనాలు: సి వర్గం

శారీరక లేదా మానసిక అనారోగ్యం ఉన్నవారికి చికిత్స, పసిపిల్లల, కోలుకుంటున్న రోగుల, వృద్ధుల సంరక్షణ, స్వేచ్ఛను పరిమితం చేసే నిర్బంధం, వీటిలో ఏ ఒక్కదానికి ఉపయోగించినా ఆ భవనం సంస్థాగత వర్గంలోకి వస్తుంది. భవనం మొత్తం కానక్కరలేదు, అందులో ఒక భాగమైనా చాలు.

సి-1లో ఆసుపత్రులు, శానిటోరియాలు, నర్సింగ్ హోమ్‌లు ఉన్నాయి. అనారోగ్యం వలన గానీ, వయసు వలన గానీ శారీరక పరిమితులు ఉన్నవారిని, తమను తాము కాపాడుకోలేనివారిని ఉంచే భవనం అన్నది దీని నిర్వచనంలోని సారాంశం. తమను తాము కాపాడుకోలేకపోవడం అనే ఈ మాట మొత్తం వర్గీకరణకు తాళపుచెవి వంటిది. సి-2 సంరక్షణాలయాలు. పిల్లలు, వృద్ధులు, కోలుకుంటున్నవారు ఉండే అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు ఇందులోకి వస్తాయి. సి-3లో జైళ్ళు, బాల నేరస్థుల సంస్కరణాలయాలతో పాటు మానసిక చికిత్సాలయాలను కూడా చేర్చారు.

మానసిక రోగులను ఖైదీలతో ఒకే ఉపవర్గంలో చేర్చడం నేటి దృష్టికి కటువుగా కనిపిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి హక్కులను ప్రధానంగా తీసుకొని, రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టివేయరాదని నిషేధించింది. అయితే ఇంజనీరు దృష్టి వేరు. తలుపుకు బయటి నుండి తాళం ఉన్నచోట, తాళం వేసినది ఏ కారణం చేత అయినా, ప్రమాద సమయంలో లోపలివారి పరిస్థితి ఒకటే. తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నది, అది ఎంతసేపటిలో వస్తుంది అనేవే అక్కడ ప్రశ్నలు.

దీనికి బాధాకరమైన ఉదాహరణ తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో జరిగింది. అక్కడి దర్గా మహిమపై నమ్మకంతో మానసిక రోగులను తీసుకువచ్చే కుటుంబాల కోసం చుట్టుపక్కల ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అటువంటి ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేయబడి ఉన్న రోగులు కదలలేక మరణించారు. సుప్రీంకోర్టు దీనిని తనంతట తాను విచారణకు స్వీకరించింది. ఆ కేసు పేరులో 25 మంది అని ఉన్నా మృతుల సంఖ్య చివరకు 28కి చేరింది.

సరిహద్దులో ఉండే భవనాలు

ఇల్లు, ఆసుపత్రి అనే రెండు కొసలలో సందేహానికి తావు లేదు. చిక్కు వచ్చేది మధ్యలో ఉన్నవాటితోనే.

వృద్ధాశ్రమం వీటిలో మొదటిది. నియమావళి ప్రకారం ఇది సి-2. అయితే అరవై ఏళ్ళు దాటినవారి కోసం ప్రత్యేకంగా కట్టి అమ్ముతున్న ఫ్లాట్ల సంగతి ఏమిటి? దంపతులు తమ ఫ్లాటులో తాము వంట చేసుకొంటూ, బజారుకు వెళ్ళి వస్తూ జీవిస్తుంటే అది ఎ-4 అపార్ట్‌మెంటుకే దగ్గర. పదేళ్ళ తరువాత అదే దంపతులలో ఒకరు మంచం పట్టి, భోజనం ఉమ్మడి వంటశాల నుండి వస్తూ, రాత్రి వేళ ఆయా కాపలా ఉంటున్నప్పుడు అది సి-2కు దగ్గరవుతుంది. నర్సు, ఆక్సిజన్ సిలిండరు, మంచం పక్కన కాల్‌బెల్ వచ్చాక సి-1 పోలికలు వస్తాయి. భవనం మారలేదు, మనుషులు ముసలివారయ్యారు. వర్గీకరణ అనుమతి ఇచ్చే రోజున జరుగుతుంది కాబట్టి తరువాత వచ్చే ఈ మార్పు కాగితాలలో కనిపించదు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లో విశ్రాంత గృహాల నిర్మాణానికి, నియంత్రణకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. వీటిని అమలు చేయడం రాష్ట్రాల ఇష్టానికి సంబంధించినది.

విద్యార్థుల వసతి గృహాలు మరొకటి. పగటిపూట బడి బి వర్గంలో ఉంటుంది. ఆ ఆవరణలోనే పిల్లలు రాత్రి నిద్రించే భాగం ఉంటే ఆ భాగాన్ని ఎ-3గా పరిగణించాలి. తరగతి గదులలోనే పరుపులు పరచి నిద్రపుచ్చే చోట ఈ విభజన మాయమవుతుంది. అనాథ పిల్లల ఆశ్రమానికీ, హాస్టల్‌కూ మధ్య గీత ఇంకా సన్ననిది. పదిహేనేళ్ళ విద్యార్థి హాస్టల్‌లో ఉంటే ఎ-3, నాలుగేళ్ళ పిల్లవాడు ఆశ్రమంలో ఉంటే సి-2. పసివాడు పొగలో లేచి దారి వెతుక్కోలేడు, ఎవరో ఒకరు ఎత్తుకొని రావాలి. ఒకే భవనంలో రెండు వయసులవారూ ఉంటే కఠినమైన నిబంధనను పాటించడమే క్షేమం.

హైదరాబాదులోని అమీర్‌పేట వంటి శిక్షణ కేంద్రాల ప్రాంతాలలో ఒకప్పటి స్వతంత్ర గృహాలు, అపార్ట్‌మెంట్లు పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళుగా మారాయి. గదికి నాలుగైదు మంచాలు వేసిన క్షణంలోనే ఇల్లు తన ఎ-2 హోదాను కోల్పోతుంది. కరెంటు బిల్లు, ఆస్తి పన్ను మాత్రం నివాస గృహం పేరుతోనే వస్తుండవచ్చు.

వ్యసన విముక్తి కేంద్రాల సంగతి ఇంకా క్లిష్టం. మద్యం, మత్తు పదార్థాల వలన కలిగే మానసిక స్థితులు కూడా 2017 చట్టం నిర్వచనంలో ఉన్నాయి. చికిత్స దృష్ట్యా ఇవి ఆసుపత్రులు. లోపల ఉండేవారు నడవగలరు కాబట్టి హాస్టళ్ళ వంటివి. పారిపోకుండా గేటుకు తాళం, కిటికీలకు ఇనుప గ్రిల్లులు పెడితే సి-3 లక్షణం వస్తుంది. ఇటువంటి సందర్భంలో బోర్డు మీది పేరును కాక తాళాన్ని చూసి వర్గాన్ని నిర్ణయించడం సమంజసం.

వర్గాన్ని బట్టి మారే నిబంధనలు

నివాసంలో ఉండేవారికి తమ ఇంటి మెట్లు చీకటిలో కూడా తెలుసు. హోటల్‌లో దిగినవారు ఆరోగ్యవంతులే అయినా దారి తెలియనివారు. ఆసుపత్రిలో ఉన్నవారికి దారి తెలిసినా నడవలేరు. నిబంధనల తీవ్రత ఈ క్రమంలోనే పెరుగుతుంది.

భవనంలో ఎంతమంది ఉంటారో అంచనా వేయడం మొదటి మెట్టు. నియమావళి నివాస భవనాలలో మనిషికి 12.5 చదరపు మీటర్ల అంతస్తు వైశాల్యం చొప్పున లెక్క కడుతుంది. వృద్ధాశ్రమాలు, అనాథాశ్రమాలలోని సామూహిక శయన భాగాలకు ఈ సంఖ్య 7.5. ఉదాహరణకు 300 చదరపు మీటర్ల అంతస్తును ఇంటిగా లెక్కిస్తే 24 మంది, ఆశ్రమపు శయనశాలగా లెక్కిస్తే 40 మంది అవుతారు. ద్వారాలు, మెట్లు ఆ 40 మందికి సరిపోవాలి. ఇది మనిషికి కేటాయించవలసిన గది పరిమాణం కాదు, నిర్గమ మార్గాలను నిర్ణయించడానికి వాడే లెక్క మాత్రమే. ఈ రెండింటినీ కలగలపడం తరచుగా జరిగే పొరపాటు.

తరువాతిది మెట్లు. 2005 ముద్రణ ప్రకారం గృహాలకు కనీసం 1 మీటరు వెడల్పు చాలు. పది పడకలకు మించిన ఆసుపత్రికి 2 మీటర్లు కావాలి. స్ట్రెచర్‌ను మెట్ల మలుపు దగ్గర తిప్పడానికి ఎంత స్థలం కావాలో ఊహిస్తే ఈ తేడా ఎందుకో అర్థమవుతుంది. నడవా ఒకవైపు మూసుకుపోయి ఉంటే ఆ భాగం పొడవు సంస్థాగత భవనాలలో 6 మీటర్లకు మించరాదు. నివాస భవనాలలో 15 మీటర్ల వరకు అనుమతి ఉన్నది. పొగలో తప్పుదారి పట్టిన మనిషి వెనుదిరిగి రావలసిన దూరం ఇది.

అన్నిటికంటే మౌలికమైన తేడా ఖాళీ చేయించే పద్ధతిలో ఉంది. అపార్ట్‌మెంటులో గంట మోగితే అందరూ కిందికి దిగుతారు. ఆసుపత్రిలో అది సాధ్యం కాదు. ఇంటెన్సివ్ కేర్ విభాగంలోని రోగిని మెట్ల మీదుగా దింపడం ప్రమాదం కన్నా ప్రమాదకరం కావచ్చు. అందుకే ప్రతి అంతస్తును అగ్నినిరోధక గోడలు, తలుపులతో భాగాలుగా విభజించి, నిప్పు ఉన్న భాగం నుండి అదే అంతస్తులోని మరో భాగానికి మంచాలతో సహా తరలించే పద్ధతి రూపొందింది. ఈ విభజన నిర్మాణ సమయంలోనే జరగాలి. నివాసంగా కట్టిన భవనంలో ఆసుపత్రి పెట్టిన తరువాత దీనిని కల్పించడం చాలా కష్టం. మంటలను ఆర్పే సిలిండర్లను గోడకు తగిలించినంత తేలిక కాదు.

2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఆమ్రి ఆసుపత్రిలో నేలమాళిగలో పుట్టిన మంటల వలన 89 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు పై అంతస్తులకు వ్యాపించిన పొగకు ఊపిరాడక చనిపోయిన రోగులు. వాహనాలు నిలపవలసిన నేలమాళిగలో మండే వస్తువులు నిల్వ చేశారన్నది నాడు వచ్చిన ప్రధాన ఆరోపణ. సి-1 భవనం అడుగున హెచ్ వర్గపు గిడ్డంగి చేరినట్లయింది.

వినియోగం మారినప్పుడు, కలిసినప్పుడు

ఒక భవనం వినియోగం మారి వేరే వర్గంలోకి గానీ, అదే వర్గంలోని వేరే ఉపవర్గంలోకి గానీ వెళితే, కొత్త వర్గానికి వర్తించే నిబంధనలన్నీ పాటించాలి. మార్పుకు ముందే కొత్త ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. అపాయం ఎక్కువ ఉన్న వినియోగం నుండి తక్కువ ఉన్న వినియోగానికి మారితే ఈ నిర్బంధం లేదు. నర్సింగ్ హోమ్ ఇల్లుగా మారితే ఇబ్బంది లేదు, ఇల్లు నర్సింగ్ హోమ్‌గా మారితేనే ఇబ్బంది. ఆచరణలో ఎక్కువగా జరిగేది రెండవదే.

కోవిడ్ కాలంలో ఈ సమస్య ఒక్కసారిగా బయటపడింది. ఆసుపత్రులలో పడకలు చాలక హోటళ్ళను చికిత్స కేంద్రాలుగా మార్చారు. విజయవాడలో అటువంటి ఒక హోటల్‌లో 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున అగ్నిప్రమాదం జరిగి కనీసం పది మంది మరణించారు. హోటల్‌గా అది నివాస వర్గానికి చెందిన భవనం. రోగులు చేరిన నాటి నుండి అది వాస్తవంలో సంస్థాగత భవనం. అత్యవసర పరిస్థితిలో ఈ మార్పు తప్పనిసరి అయినా, దానితో పాటు రావలసిన భద్రత వెంట రాలేదు. ఆ సంవత్సరమే ఆగస్టు 6న అహ్మదాబాదులో, నవంబరులో రాజ్‌కోట్‌లో కోవిడ్ ఆసుపత్రులు అగ్నిప్రమాదాలకు గురికాగా, సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో కోవిడ్ ఆసుపత్రులలో అగ్నిభద్రత తనిఖీలు జరపాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఒకే భవనంలో రెండు మూడు వినియోగాలు ఉంటే దానిని మిశ్రమ వినియోగం అంటారు. అగ్నినిరోధక గోడలతో పూర్తిగా వేరు చేయనంతవరకు, మొత్తం భవనానికి వాటిలో ఎక్కువ అపాయం ఉన్న వినియోగపు నిబంధనలే వర్తిస్తాయి. ముఖ్య వినియోగానికి అనుబంధంగా ఉండే చిన్నచిన్న వాడకాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఆసుపత్రిలోని మందుల దుకాణం ఆసుపత్రిలో భాగమే, అది వర్తక భవనం కాదు.

తెలుగు ప్రాంతంలో మిశ్రమ వినియోగం వలన జరిగిన ప్రమాదాలకు సికింద్రాబాదు ఒక ఉదాహరణ. 2022 సెప్టెంబరు 12 రాత్రి అక్కడ ఒక భవనం కింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో పుట్టిన మంటల పొగ పైన ఉన్న లాడ్జీని కమ్మి 8 మంది మరణించారు. 2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద, కింద నగల దుకాణాలు, పైన నివాసం ఉన్న పాత భవనంలో 17 మంది చనిపోయారు. కింద అంగడి, పైన కాపురం అనేది మన పాత బజార్లన్నింటిలోనూ ఉన్న పద్ధతే. పాత అంగళ్ళలో ఏసీ యంత్రాలు, వాటి కరెంటు భారం, అద్దాల తలుపులు లేవు.

చిన్న భవనాల సమస్య

2016 నియమావళిలోని నాలుగవ భాగం ప్రధానంగా రెండు రకాల భవనాలను ఉద్దేశించినది. మొదటివి 15 మీటర్లు, అంతకు మించి ఎత్తు ఉన్న బహుళ అంతస్తుల భవనాలు. రెండవవి ప్రత్యేక భవనాలు. ఏదైనా ఒక అంతస్తులో 500 చదరపు మీటర్లకు మించిన వైశాల్యం ఉన్న సంస్థాగత భవనాలు, 9 మీటర్లు లేదా అంతకు మించి ఎత్తు ఉన్న సంస్థాగత భవనాలు ఈ రెండవ రకంలోకి వస్తాయి.

ఆసుపత్రి ఎత్తు పరిమితిని 15 నుండి 9 మీటర్లకు దించడంలో, నడవలేనివారు ఉన్న భవనం తక్కువ ఎత్తులోనే అపాయకరం అవుతుందన్న గుర్తింపు ఉంది. అయినా కాలనీలో అద్దెకు తీసుకొన్న రెండంతస్తుల ఇంట్లో నడిచే వృద్ధాశ్రమం ఎత్తు సాధారణంగా 9 మీటర్ల లోపే ఉంటుంది. అంతస్తు వైశాల్యం 500 చదరపు మీటర్లకు చాలా తక్కువ. వర్గీకరణ ప్రకారం అది నిస్సందేహంగా సి-2. కఠిన నిబంధనల పరిధిలోకి మాత్రం రాదు. అత్యంత నిస్సహాయులు ఉండే చోట్లలో అధిక భాగం ఈ సందులోనే ఉండిపోతున్నాయి. ఇది ప్రస్తుత వర్గీకరణలోని పెద్ద లోపం.

2024 మే 25 రాత్రి ఢిల్లీలోని వివేక్ విహార్‌లో, నివాస ప్రాంతంలోని ఒక చిన్న భవనంలో నడుస్తున్న నవజాత శిశువుల ఆసుపత్రి కాలిపోయింది. 5 పడకలకు లైసెన్సు పొందిన ఆ ఆసుపత్రిలో ఆ సమయంలో 12 మంది శిశువులు ఉన్నారు. వారిలో కనీసం ఆరుగురు మరణించారు. తమను తాము కాపాడుకోలేనివారు అనే నిర్వచనానికి నవజాత శిశువు కన్నా స్పష్టమైన ఉదాహరణ ఉండదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్ 7న 168వ నంబరు ఉత్తర్వు ద్వారా భవన నిబంధనలను జారీ చేసింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వీటినే సవరణలతో కొనసాగించింది. ఆంధ్రప్రదేశ్ 2017 మార్చి 28న 119వ నంబరు ఉత్తర్వుతో కొత్త నిబంధనలు తెచ్చింది. ఎత్తు, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం వంటి విషయాలను ఇవి స్వయంగా నిర్ణయిస్తాయి. అగ్నిభద్రతకు జాతీయ నియమావళిని ఆధారంగా తీసుకుంటాయి. జాతీయ నియమావళిలో 15 మీటర్లకే బహుళ అంతస్తుల భవనం కాగా, ఈ నిబంధనలలో ఆ పరిమితి 18 మీటర్లు.

అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం విషయంలో 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టంలోని 13వ సెక్షన్ ముఖ్యమైనది. దీని ప్రకారం నివాస భవనాలకు 18 మీటర్లు, వాణిజ్య భవనాలకు 15 మీటర్లు ఎత్తు దాటితే ఈ పత్రం అవసరం. పాఠశాలలు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు వంటి జనం గుమిగూడే భవనాలకు 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు పరిమితి. ఇక్కడ కూడా కొలమానం ఎత్తు, విస్తీర్ణం, జనసమూహం. లోపలివారు నడవగలరా అన్న ప్రశ్న నేరుగా లేదు.

ఇతర చట్టాలతో సంబంధం

సంరక్షణ భవనం ఒక్క భవన నియమావళికే లోబడి ఉండదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం నిరుపేద వృద్ధుల కోసం ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపోయే ఒక వృద్ధాశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం స్థాపించవచ్చు. పిల్లల ఆశ్రమాలు 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక చికిత్స సంస్థను నిర్వచిస్తూ, రోగి తన బంధువులతో లేదా స్నేహితులతో కలిసి నివసించే కుటుంబ గృహాన్ని దాని నుండి మినహాయించింది. ఇంట్లో తల్లిని చూసుకుంటున్న కొడుకు ఆసుపత్రి నడుపుతున్నట్లు కాదు. ఇంటికీ, సంస్థకూ మధ్య గీతను ఇంత సూటిగా గీసిన నిర్వచనం భవన నియమావళిలో లేదు. ఈ చట్టాల కింద ఇచ్చే నమోదు పత్రానికీ, భవనానికి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కూ వేరువేరు కార్యాలయాలు బాధ్యత వహిస్తాయి. ఒక కార్యాలయపు దస్త్రంలో వృద్ధాశ్రమంగా ఉన్నది మరొక కార్యాలయపు దస్త్రంలో నివాస గృహంగా ఉండటం ఈ కారణం చేతనే జరుగుతుంది.

ఇతర దేశాలలో

అమెరికాలో విస్తృతంగా అనుసరించే అంతర్జాతీయ భవన నియమావళి మొదట 2000లో వెలువడింది. చిన్న సంరక్షణ గృహాల విషయంలో ఇది భారత నియమావళి కన్నా సూక్ష్మంగా ఉంటుంది. ఇరవై నాలుగు గంటలూ పర్యవేక్షణలో ఉండేవారి సంఖ్య 16 దాటితే ఆ భవనం సంస్థాగత వర్గంలోని ఐ-1. ఆరు నుండి పదహారు వరకు అయితే నివాస వర్గంలోని ఆర్-4. ఐదుగురు లేదా తక్కువ అయితే సాధారణ గృహాలకు వర్తించే నియమాలే దాదాపుగా సరిపోతాయి. సిబ్బందిని ఈ లెక్కలో చేర్చరు. ఐ-1, ఆర్-4లలో మళ్ళీ రెండు స్థితులు ఉన్నాయి. ఎవరి సహాయమూ లేకుండా బయటకు రాగలిగేవారు ఉన్నది మొదటి స్థితి, మాటతో గానీ, చేయి అందించి గానీ కొద్దిపాటి సాయం చేయవలసినది రెండవ స్థితి. అంతకు మించి సాయం కావలసినవారు, వైద్యం పొందుతూ తమను తాము కాపాడుకోలేనివారు ఐదుగురికి మించితే ఐ-2, అంటే ఆసుపత్రులు, నర్సింగ్ హోమ్‌ల వర్గం.

ఇంగ్లండు మార్గదర్శకాలు అనారోగ్యం, వార్ధక్యం, వైకల్యం ఉన్నవారితో పాటు ఐదేళ్ళలోపు పిల్లలు నివసించే భవనాలను ఒకే సంస్థాగత నివాస వర్గంలో చేర్చి, హోటళ్ళను, హాస్టళ్ళను వేరే నివాస వర్గంలో ఉంచాయి. ఆస్ట్రేలియాలో వృద్ధుల సంరక్షణ భవనాలకు 9సి అనే ప్రత్యేక తరగతి ఉన్నది, ఆసుపత్రులది 9ఎ. అక్కడ 300 చదరపు మీటర్ల లోపు విస్తీర్ణంలో 12 మందికి మించకుండా ఉండే చిన్న వసతి గృహాలకు కూడా 1బి అనే విడి తరగతి కేటాయించారు.